ముత్తాత ఎక్కణ్ణుంచి వచ్చాడు? చెన్నైలో ఉండి వెతికేవారికి ఏ దారి ఎప్పుడు పనికొస్తుంది

చెన్నై తెలుగిళ్ళలో పూర్వీకుల గురించి వినబడే కథలు లెక్కపెడితే ఓ అరడజను తేలతాయి. తళ్ళికోట యుద్ధం తర్వాత దండుతో దిగివచ్చాం. కుంపిణీవాళ్ళు, అంటే ఈస్టిండియా కంపెనీవాళ్ళు, నేతపనికి పిలిపించి చింతాద్రిపేటలో ఇళ్ళిచ్చారు. ముత్తాత దుబాసీ, తెల్లవాళ్ళకు మాట తిప్పి చెప్పేవాడు. ఒకప్పుడు జమీందార్లం, దాయాదులు తినేశారు. తాత తమ్ముడు ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నటాలుకో, బర్మాలోని రంగూనుకో పోయాడు, మళ్ళీ రాలేదు. అసలు మా ఇంటిపేరు ఇది కాదు.

ఇందులో ఏదీ నవ్వి కొట్టిపారేసేది కాదు, విన్నది విన్నట్టు నమ్మేదీ కాదు. చిక్కల్లా ఒక్కో కథకు రుజువు ఒక్కోచోట ఉండటం. చాలామంది మొదటి అడుగే తప్పు వేస్తారు. కొందరు డీఎన్ఏ కిట్ తెప్పించుకుంటారు, కొందరు నేరుగా ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ మెట్లెక్కుతారు. రెండూ పనికొచ్చేవే, కానీ ఆఖర్లో. పేరు, ఊరు, ఏడాది అనే మూడింటిలో కనీసం రెండు చేతిలో లేనిదే ఎగ్మూరులో ఏ కట్ట అడగాలో కూడా తెలియదు.

ఇంట్లో ఉన్నదాన్ని ముందు పిండుకోవాలి

దీనికి పైసా ఖర్చు లేదు, రెండు ఆదివారాలు చాలు. దస్తావేజులు, భాగపంపకాల పత్రాలు, జాతకాలు, పాత శుభలేఖలు, స్కూలు సర్టిఫికెట్లు, పెన్షన్ కాగితాలు, ఫొటోల వెనక స్టూడియో ముద్రలు, ఇత్తడి గంగాళం అంచున చెక్కిన పేర్లు, అన్నీ ఫొటో తీసుకోండి. జాతకం ఉంటే అందులో పుట్టిన ఊరు, తిథి, సంవత్సరం పేరు ఉంటాయి. ప్రభవాది సంవత్సరాలు 60 ఏళ్ళకోసారి తిరుగుతాయి కాబట్టి ‘ఆంగీరస’ అని ఉంటే అది 1872 కావచ్చు, 1932 కావచ్చు. పిల్లల వయసులు చూసి ఏదో తేల్చుకోవాలి.

చెన్నైలో ప్రత్యేకంగా దెబ్బతీసేది ఇనీషియల్. తెలుగు పద్ధతిలో పేరు ముందు పొడి అక్షరం ఇంటిపేరుది, తమిళ పద్ధతిలో తండ్రి పేరుది. రెండు తరాలు ఇక్కడ చదువుకున్న కుటుంబంలో ఈ మార్పు ఎక్కడో ఒకచోట, ఎవరో హెడ్మాస్టరు కలం దగ్గర జరిగిపోయి ఉంటుంది. తాతకు ‘కె’ అంటే కొండపల్లి, తండ్రికి ‘కె’ అంటే కృష్ణయ్య. ‘అసలు మా ఇంటిపేరు ఇది కాదు’ అనే కథల్లో చాలావాటికి ఇదే మూలం. కులం తోక తీసేయడం కూడా ఇలాంటిదే: ముత్తాత కాగితంలో నాయుడు, తాత కాగితంలో ఖాళీ.

ఇంకోటి తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ. వెంకయ్య కొడుకు రామయ్య, రామయ్య కొడుకు వెంకయ్య, మళ్ళీ రామయ్య. కాగితంలో ‘రామయ్య కొడుకు వెంకయ్య’ కనబడగానే మనవాడే దొరికాడనుకుంటే రెండు తరాలు మాయమవుతాయి. పేరు పక్కన భార్య పేరో, సర్వే నంబరో, వృత్తో కలిస్తేనే మనిషి తేలినట్టు.

ఇంటిపేరు ఊరి పేరైతే మంచి ఆధారమే, కానీ కొత్తపల్లులు, రామాపురాలు ఎన్నో ఉన్నాయి. బ్రాహ్మణ కుటుంబాలకు వెలనాడు, ములకనాడు వంటి శాఖ పేరు ప్రాంతాన్ని కొంత ఇరుకు చేస్తుంది. గోత్రం మాత్రం వంశానికి గుర్తే గాని ఊరికి గుర్తు కాదు.

రిజిస్ట్రేషన్ ఆఫీసా, హైకోర్టు వీలునామాలా

కుటుంబానికి గజం నేలైనా ఉంటే ఈ రెంటి తర్వాతే మిగతావన్నీ. ఆస్తి చేతులు మారేటప్పుడు తండ్రి పేరు, కాపురం ఉన్న ఊరు, వృత్తి, ఇదివరకు ఆ ఆస్తి ఎలా వచ్చిందో రాయాల్సిందే. అబద్ధమాడితే ఎదుటి పక్షం ఊరుకోదు. అందుకే వంశవృక్షాల పుస్తకం కన్నా పాత అమ్మకపు పత్రానికి ఎక్కువ విలువ.

తమిళనాడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ, అంటే ఒక ఆస్తి మీద నమోదైన లావాదేవీల జాబితా, ఇక్కడివాళ్ళు విల్లంగం అనేది, సాధారణంగా 1975 నుంచి ఆన్‌లైన్లో చూడొచ్చు. అంతకు ముందువాటికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి చేత్తో వెతికించుకోవాలి. వెతికే పద్ధతి ఇది: ఇప్పటి పత్రంలో ‘మునుపటి పత్రం నంబరు, సంవత్సరం’ ఉంటుంది. దాని సర్టిఫైడ్ నకలు తీసుకోండి. అందులో ఇంకా వెనకటి పత్రం నంబరు ఉంటుంది. ఇలా గొలుసు పట్టుకుని పోతే నాలుగైదు మెట్లలో 1900 దాటి వెనక్కి వెళ్ళే అవకాశం ఉంది, ఎందుకంటే రిజిస్ట్రేషన్ చట్టం 1860ల నుంచీ ఉంది. గొలుసు తెగేది సాధారణంగా రెండు చోట్ల. ఒకటి, ఆఫీసు పరిధి మారిపోయి పాత పుస్తకాలు వేరే ఆఫీసులో ఉండటం. రెండు, నోటిమాట పంపకం. అన్నదమ్ములు కాగితం లేకుండా పంచుకుంటే ఆ తరం పేరు రికార్డులో పడదు.

ఒక నియమం తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది. స్థిరాస్తి పత్రాలుండే 1వ పుస్తకాన్ని, దాని సూచికను రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. వీలునామాలుండే 3వ పుస్తకంలోది రాసిన మనిషి బతికుండగా ఇతరులకివ్వరు, పోయాక దరఖాస్తు పెట్టిన ఎవరికైనా నకలివ్వాలి. కౌంటరులో ‘మీకేం సంబంధం’ అని అడిగితే 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ పేరెత్తండి. గొంతు పెంచనక్కర్లేదు.

హైకోర్టు సంగతి చెన్నైకే ప్రత్యేకం. మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాల్లో హిందువులు 1870 సెప్టెంబరు 1 తర్వాత రాసిన వీలునామాలకు ప్రొబేట్, అంటే కోర్టు ధ్రువీకరణ, తీసుకోవాలన్న చట్టం ఆ రోజుల్లోనే వచ్చింది. అందుకని పట్నంలో ఇల్లో, దుకాణమో వదిలిపోయిన వ్యాపారి వీలునామా హైకోర్టు ఒరిజినల్ సైడ్ దస్త్రాల్లో ఉండే అవకాశం గట్టిది. ఒక్క వీలునామాలో పెళ్ళాం, పిల్లలు, అల్లుళ్ళు, సొంతూళ్ళో ఉన్న అక్కకిమ్మన్న వంద రూపాయలు, గుడి దీపానికి కేటాయించిన సొమ్ము, అన్నీ ఉంటాయి. ఆ అక్క ఊరే మీరు వెతుకుతున్న ఊరు కావచ్చు. ఊరికి పంపిన దానాలనే ముందు చదవండి.

రెంటిలో ఒకటే ఎంచుకోవాలంటే: ఉత్తర చెన్నైలో, జార్జిటౌన్‌లో వ్యాపారం చేసిన కుటుంబం హైకోర్టుకు, పొన్నేరి, తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు పొలం ఉన్న కుటుంబం సబ్‌రిజిస్ట్రార్ దగ్గరికి. చిరునామాలు పోల్చేటప్పుడు జాగ్రత్త. నగరంలో ఇంటి నంబర్లు మారాయి, చాలా ఇళ్ళకు పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉన్నాయి. వీధి పేర్ల నుంచి కులం పేర్లు తీసేశారు. డోర్ నంబరు కాదు, సర్వే నంబరు పట్టుకోండి.

జనన మరణాలు, ఓటరు జాబితాలు

చెన్నై కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో జనన మరణ నమోదులు వెతకడం సులువు, ఖర్చు లేదు. అయినా పాతకాలం విషయంలో వీటిమీద మరీ ఆశ పెట్టుకోకండి. పుట్టిన నాటికి నామకరణం కాదు కాబట్టి పాత నమోదుల్లో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది, తండ్రి పేరుతోనే వెతకాలి. మొదటి కాన్పు పుట్టింట్లో కాబట్టి బిడ్డ నమోదు మీరనుకున్న ఊళ్ళో కాక అమ్మమ్మగారి ఊళ్ళో ఉంటుంది. మరణ నమోదులో వయసు చెప్పినవాడి ఊహ. ఓటరు జాబితాల్లో 2002–2005 నాటివి ఆన్‌లైన్లో ఉన్నాయి. ఒకే ఇంటి నంబరు కింద ఎవరెవరు ఉన్నారో, ఎవరికి ఏమవుతారో చూడటానికి చాలు, అంతకు మించి కాదు.

ఎగ్మూరు ఎప్పుడు

తమిళనాడు ఆర్కైవ్స్‌లో 1670ల నుంచి కుంపిణీ రికార్డులున్నాయి. అంత పెద్ద కొట్టులోకి ఒట్టి చేతులతో వెళ్తే అలసటే మిగులుతుంది. వెళ్ళేవాళ్ళు గుర్తింపు కార్డు, ఏ అంశం మీద వెతుకుతున్నారో రాసిన వినతి పట్టుకెళ్ళాలి. ‘మా వంశ చరిత్ర’ అని రాయకుండా ‘ఫలానా తాలూకా ఫలానా గ్రామం ఇనాం ఫెయిర్ రిజిస్టరు’ అని రాస్తే పని నడుస్తుంది.

ఆ రిజిస్టర్లే అక్కడ అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చేవి. ఇనాం అంటే పన్ను లేకుండానో తగ్గించో ఇచ్చిన భూమి. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ గ్రామం గ్రామం తిరిగి, ఏ ఇనాం ఎవరిచ్చారు, మొదట పుచ్చుకున్నదెవరు, ఇప్పుడు అనుభవిస్తున్నదెవరు, వారికి వీరేమవుతారు అని రాసుకుంది. బ్రాహ్మణులకూ కరణాలకే అనుకోకండి. చాకలి, మంగలి, వడ్రంగి, వెట్టి, గుడి మేళగాళ్ళు, అందరికీ సేవా ఇనాములుండేవి. భూస్వాములు కాని కుటుంబాలకు 1860ల నాటి పేర్లు దొరికే చోటు ఇంతకన్నా మంచిది లేదు. ఆంధ్ర వైపు గ్రామాలకైతే ఆ జిల్లా కలెక్టరేటు, ఆ పైన హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్.

వెళ్ళే ముందు జిల్లా సరిచూసుకోండి. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది, అంతకు ముందు చిత్తూరు, తిరుపతి ప్రాంతం ఉత్తర ఆర్కాటులో ఉండేది. గుంటూరు 1904లో విడివడింది. అనంతపురం 1882 దాకా బళ్ళారిలో భాగం. గంజాం 1936 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. తిరుత్తణి 1960లో చిత్తూరు నుంచి ఇటు వచ్చింది. కుంపిణీ కాలపు రాతల్లో ‘జెంటూ’ అంటే తెలుగు, ‘మలబారు’ అంటే తమిళం. ‘మలబారు వర్తకుడు’ అని చూసి కేరళకు టికెట్టు కొననక్కర్లేదు.

కథను బట్టి పరీక్ష

జమీందారీ కథను తేల్చడం అన్నిటికన్నా సులువు, ఎందుకంటే జమీందారీల జాబితా అంతులేనిది కాదు. 1802 శాశ్వత సెటిల్మెంటు నాటి ఎస్టేట్లు, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద స్వాధీనం చేసుకున్నవి గెజిట్లలో ఉన్నాయి. మీ ఊరి ఎస్టేటు దొరికి యజమాని ఇంటిపేరు వేరే అయితే, ముత్తాత అక్కడ దివానో, పేష్కారో, ఇజారాదారో అయ్యుండొచ్చు. కథ పూర్తిగా అబద్ధం కాదు, మెట్టు మారిందంతే.

దుబాసీ కథలోనూ అదే. పట్నంలో ఒక మోస్తరు తెల్లవాడికల్లా దుబాసీ ఉండేవాడు. గవర్నరు దుబాసీ అయితే అచ్చైన సెయింట్ జార్జి కోట డైరీ, కన్సల్టేషన్ సంపుటాల్లో పేరు తగలాలి. చిన్న వర్తకుడి దుబాసీ అయితే తగలకపోవడమే సహజం.

చింతాద్రిపేట నేతగాళ్ళ కథకు కాలం సరిపోతుంది. ఆ పేట వెలసింది 1730లలోనే, గవర్నరు మార్టన్ పిట్ హయాంలో. కాకపోతే ఊరు వెలసిందన్నదానికి కాగితముంది గాని, మీ ఇల్లు ఆ మొదటి ఇళ్ళలో ఒకటన్నదానికి దస్తావేజుల గొలుసే రుజువు.

‘మొదటి బీఏ మా ముత్తాతే’ అన్నది ఒక్క పూటలో తేలిపోతుంది. మద్రాసు విశ్వవిద్యాలయం 1857 నాటిది. పాత క్యాలెండర్లలో పట్టభద్రుల పేర్లు ఏడాదివారీగా అచ్చయ్యాయి. సర్కారు ఉద్యోగి అయితే ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్, పట్నంలో పేరున్న ఇల్లయితే అసైలమ్ ప్రెస్ ఆల్మనాక్ అనే పాత డైరెక్టరీ చూడండి. కన్నెమరా లైబ్రరీలో అడిగి చూడొచ్చు. పోయినవారి వార్తలకు 1914 నుంచి మద్రాసులోనే దినపత్రికగా వచ్చిన ఆంధ్రపత్రిక పాత సంచికలు ఆన్‌లైన్లో దొరుకుతాయి.

1565 నాటి తళ్ళికోట కథకు మాత్రం ఏ ఆఫీసులోనూ పేరుపేరునా గొలుసు దొరకదు. మీ ఊరికి మెకంజీ కైఫీయతు, అంటే కర్నల్ మెకంజీ రాయించి పోగుచేసిన ఊరి చరిత్ర, ఉంటే చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో చూడొచ్చు, ఊరి పుట్టుక తెలుస్తుంది. ఆ ఊళ్ళో మీ వంశం ఎప్పటిదో చెప్పేది అరుదు.

ఓడెక్కినవాళ్ళు

ఇక్కడ మొదట తేల్చుకోవాల్సింది ఎక్కడికి వెళ్ళాడని కాదు, ఎలా వెళ్ళాడని. గిరిమిట్టు మీద, అంటే ఒప్పందం రాసి వెళ్తే జాబితాలో ఉంటాడు. సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని వెళ్తే అదే ఓడలో వెళ్ళినా ఆ జాబితాలో ఉండడు. కూలీలను పోగుచేసి తీసుకెళ్ళే మేస్త్రీల వెంట రంగూను, అలాంటి కంగాణీల వెంట మలయా వెళ్ళినవాళ్ళకు ఇలాంటి పేరుపేరు జాబితా వెతకడం దండగ. బర్మా కథకు 1942లో అక్కణ్ణుంచి నడిచి వచ్చిన కాలపు, 1964 తర్వాత తిరిగొచ్చిన కుటుంబాల పునరావాస కాగితాలే ఆధారం, అవి ఇంటి పెట్టెలోనే ఉంటాయి.

గిరిమిట్టు దేశాల్లో వెతకడానికి నటాల్ అన్నిటికన్నా అనుకూలం. మద్రాసు నుంచి ట్రూరో ఓడ 1860 నవంబరు 16న దర్బన్ చేరింది. 1911 వరకు 1,52,184 మంది వెళ్ళారు, ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. ప్రతి మనిషికీ కలోనియల్ నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీద మచ్చలు రాశారు. ఆ జాబితాలు డిజిటల్ రూపంలో వెతకడానికి వీలుగా ఉన్నాయి. దర్బన్‌లో బంధువులున్నారనుకుంటే వాళ్ళ తాతల పెళ్ళి, మరణ పత్రాల మీద ఆ నంబరు ఉందేమో ముందు అడగండి. నంబరు ఉంటే పది నిమిషాల పని, లేకపోతే పది వారాలు.

ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలై 1916లో ఆగిపోయాయి. కాలం తక్కువ, జాబితా చిన్నది, ఎమిగ్రేషన్ పాసులు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మారిషస్‌కు 1834 నుంచే వెళ్ళారు, రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, 1860ల నుంచి కొందరి ఫొటోలు కూడా. కానీ తొలి దశాబ్దాల రాతల్లో గ్రామం పేరు లేకుండా జిల్లాతోనే ఆపేసినవి ఎక్కువ ఎదురవుతాయి.

పేర్లు చెవికి వినబడ్డట్టు రాశారు. వెంకటస్వామి వెంగటసామి అవుతాడు, అప్పలస్వామిలో అక్షరాలు ఎగిరిపోతాయి. వయసులు 20, 25, 30 అని ఉజ్జాయింపు లెక్కలు. అందుకని పేరు కలిసిందని ఆగకుండా తండ్రి పేరు, జిల్లా, గ్రామం, అయిదేళ్ళు అటూఇటూగా వయసు, ఈ నాలుగింటిలో మూడు కలవాలి. ముందువెనక నంబర్లు కూడా చూడండి. ఒకే ఊరివాళ్ళు, ఒకే కుటుంబంవాళ్ళు వరసగా నమోదై ఉంటారు. పేరు చివర నాయుడు, రెడ్డి చూసి కులం నిర్ధారించకండి. అక్కడికి వెళ్ళాక తగిలించుకున్నవాళ్ళున్నారు.

పండాలు

గయ, కాశీ, ప్రయాగల్లో తీర్థపురోహితుల దగ్గర ప్రాంతంవారీ వహీలు, అంటే వచ్చినవారి పేర్లు రాసుకునే పుస్తకాలు, ఉంటాయి. మీ పెద్దలెవరైనా పిండాలు పెట్టడానికి వెళ్ళారని తెలిస్తే వెతికించొచ్చు, సొంత చేతిరాత సంతకం దొరికితే దానికి మించిన ఆనందం లేదు. ఎవరూ వెళ్ళిన దాఖలా లేకపోతే దీనికోసమే ప్రయాణం పెట్టుకోకండి. పురోహితుడు చదివి వినిపిస్తే చాలదు, పేజీ ఫొటో అడగండి.

డీఎన్ఏ

కిట్ పెట్టె మీద కనిపించే శాతాలు మీ ఊరు చెప్పవు. ‘దక్షిణ భారతం’ అన్న మాటకు డబ్బు కట్టనక్కర్లేదు. అసలు ప్రయోజనం ఎవరితో రక్తం కలుస్తోందన్న జాబితా. అందులోనూ తెలుగువాళ్ళకు ఒక మెలిక ఉంది: మేనరికాలు. ముత్తాత తండ్రి ఒకరే అయిన నాలుగో తరం దాయాదుల మధ్య సగటున 1 శాతం కన్నా తక్కువ డీఎన్ఏ కలుస్తుంది. పది జంటల్లో ఒకదానికి అసలేమీ కలవకపోవచ్చు. కానీ మేనమామను, మేనత్త కొడుకును తరతరాలుగా చేసుకున్న ఇళ్ళలో అదే దూరపు చుట్టం దగ్గరి చుట్టంలా కనబడతాడు. కంపెనీ ‘సెకండ్ కజిన్’, అంటే ముత్తాత ఒకరే అయినవాడు, అని చెబితే మీరు ఇంకో తరమో రెండో వెనక్కి జరుపుకోండి.

ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు ఒకే మూలపురుషుడివా అన్న ప్రశ్నకు తండ్రి నుంచి కొడుక్కే వచ్చే వై క్రోమోజోమ్ పరీక్ష బాగా నప్పుతుంది. అది కలవలేదని కథ అబద్ధమనకండి. దత్తత వచ్చినా, ఇల్లరికపు అల్లుడు అత్తవారి ఇంటిపేరు తీసుకున్నా వై మారుతుంది, వంశవృక్షం మాత్రం సక్రమమే. ఒక్క కిట్‌కే డబ్బుంటే మీకు కాదు, ఇంట్లో అందరికన్నా పెద్దవారికి చేయించండి, ఒక తరం వెనక్కి ఉచితంగా వెళ్ళినట్టే. దాంతో ఎవరి పుట్టుక గురించైనా ఇంట్లో తెలియని సంగతి బయటపడొచ్చు. ఉమ్మి సీసాలో పోసేముందే ఆ పెద్దవారిని కూర్చోబెట్టి ఈ మాట చెప్పాలి.

రెండు కాగితాలు తగవుపడితే

ప్రతి తరానికి రెండు వేర్వేరు ఆధారాలు పెట్టుకోండి. వేర్వేరు అంటే వేరే మనిషి చెప్పినవి. పెదనాన్న రాసిన వంశవృక్షం, పెదనాన్న ఇచ్చిన మరణ వివరాలు, పెదనాన్నను అడిగి ఎవరో ఆన్‌లైన్లో ఎక్కించిన చెట్టు, మూడూ కలిపి ఒకటే ఆధారం. అవి కలిశాయని సంబరపడకండి. సంఘటనకు దగ్గరలో, డబ్బు లెక్క ఉన్నప్పుడు రాసిన కాగితానికి ఎక్కువ మార్కులు. వయసు విషయంలో స్కూలు సర్టిఫికెట్టు కన్నా జాతకం నమ్మండి, స్కూల్లో చేర్చడానికి ఏడాది రెండేళ్ళు అటూఇటూ చేయడం మామూలే. తండ్రి పేరు విషయంలో రెండింటికన్నా భాగపంపకాల పత్రం మేలు. తేలని తరం దగ్గర పెన్సిలుతో రాసి, పక్కనే ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో, ఏ పత్రం నంబరులో వెతికి దొరకలేదో రాసిపెట్టండి. దొరకని చోట్ల జాబితా లేకపోతే మీ తర్వాత వెతికేవాళ్ళు అదే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అదే పుస్తకానికి మళ్ళీ రుసుము కడతారు.